రెండు గంటలకు గాలం చుట్టేయాలి: మోంటానా చల్లటి నదుల వెంట ఆరు రోజులు

మొదటి రోజు: దిగువ మాడిసన్

జూలై చివరి వారంలో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న బోజ్‌మన్ పట్టణానికి చేరుకున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడ ఇరవై ఏళ్లుగా స్థిరపడి ఉన్నాడు. చల్లటి నదుల్లో బతికే ట్రౌట్ చేపలంటే అతనికి పిచ్చి అని ఇంట్లో అందరూ అంటారు. కారులో గాలపు కర్రలతో పాటు దారానికి కట్టిన ఒక చిన్న థర్మామీటరును కూడా సర్ది, "ముందు ఇది నీళ్లలోకి వెళ్తుంది, గాలం వెయ్యాలా వద్దా అన్నది ఆ తరువాత సంగతి" అన్నాడు అన్నయ్య. అది వేళాకోళమనుకున్నాను. ఆరు రోజుల తరువాత నా నోటుపుస్తకంలో పట్టిన చేపల లెక్క కంటే నీటి ఉష్ణోగ్రతల లెక్కే ఎక్కువ ఉంది.

మొదటి మజిలీ మాడిసన్ నది దిగువ భాగం. రాతి లోయను దాటి నది విశాలంగా పరుచుకునే చోట, సాయంత్రం నాలుగు గంటలకు, వందలాది మంది గాలి నింపిన రబ్బరు ట్యూబుల మీద పడుకుని ప్రవాహంలో తేలిపోతున్నారు. నీళ్లలో కాలు పెడితే హాయిగా ఉంది. థర్మామీటరు 23 డిగ్రీలు చూపించింది. మనకు హాయిగా ఉన్న నీరు ట్రౌట్‌కు జ్వరంతో సమానమని అన్నయ్య అప్పుడు చెప్పాడు.

చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీరు ఎంత వేడెక్కితే ఒళ్లు అంత వేడెక్కుతుంది, దానితో పాటు ప్రాణవాయువు అవసరమూ పెరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గిపోతుంది. సముద్రమట్టంలో 10 డిగ్రీల నీరు లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును నిలుపుకోగలదు, 20 డిగ్రీల దగ్గర అది 9 మిల్లీగ్రాములకు పడిపోతుంది. ఈ కొండ ప్రాంతపు ఎత్తులో ఆ అంకెలు ఇంకా తక్కువ. అవసరం పెరిగే వేళకే సరఫరా తగ్గుతుందన్నమాట. రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్లు సుమారు 10 నుంచి 18 డిగ్రీల మధ్య సుఖంగా బతుకుతాయి. 20 దాటితే తిండి మానేసి నీడ, ఊట వెతుక్కుంటాయి. 25 దగ్గర ఎక్కువసేపు ఉంటే ప్రాణమే పోవచ్చు. అలాంటి నీటిలో గాలానికి తగులుకుని పెనుగులాడిన చేపను మనం ఎంత జాగ్రత్తగా వదిలిపెట్టినా, కనుమరుగయ్యాక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది.

గట్టు మీద ఒక బోర్డు ఉంది: మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు చేపలు పట్టరాదు. వీటిని ఇక్కడ గుడ్లగూబ ఆంక్షలు అంటారు. వేసవి చివర్లో అడవి ఎండిపోయినప్పుడు నిప్పు భయంతో కలప కొట్టేవాళ్లు తెల్లవారుజామునే పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించేవారట. ఆ చీకటి వేళ గుడ్లగూబల కూతలు వినిపించేవి కాబట్టి ఆ పనివేళలకు ఆ పేరు వచ్చింది, అదే పేరు తరువాత నదుల దగ్గరికీ చేరింది. నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్‌ను తాకితే, రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ ఈ ఆంక్షలు విధించవచ్చు. రాత్రి చల్లబడిన నది తెల్లవారాక కొన్ని గంటల పాటు ఊపిరి పీల్చుకునే స్థితిలో ఉంటుంది గనుక ఉదయం పూట మాత్రం అనుమతి ఉంటుంది.

ఇదే నది ఎగువన చల్లగానే ఉంటుంది. మధ్యలో ఎన్నిస్ సరస్సు అడ్డుపడుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో విద్యుత్తు కోసం కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన ఆ నీరు, మేట వేసి లోతు తగ్గి, వెడల్పాటి పళ్లెంలా ఎండకు కాగుతుంది. కాగిన ఆ నీరే కిందికి వస్తుంది. మరీ ఎండలు మండే రోజుల్లో ఆనకట్ట నుంచి అదనంగా నీరు వదులుతారు. నీరు ఎక్కువైతే అంత త్వరగా వేడెక్కదు. రోగానికి మందు కాదు గాని, ఒక తడిగుడ్డ పట్టీ లాంటిది.

ఆ రోజు కర్రలు కారులోంచి దిగలేదు.

రెండవ రోజు: ఎగువ మాడిసన్

తెల్లవారుజామున ఐదు గంటలకే బయలుదేరి ఎన్నిస్ పట్టణం దాటి ఎగువకు వెళ్లాము. 1959 ఆగస్టు 17 రాత్రి వచ్చిన భూకంపంలో ఇక్కడ ఒక కొండ పక్కభాగం విరిగి నదికి అడ్డంగా పడింది, 28 మంది చనిపోయారు. నది ఆగి ఏర్పడిన సరస్సును నేటికీ భూకంపపు సరస్సు అనే పిలుస్తున్నారు. ఎండిపోయిన చెట్ల మోళ్లు ఇంకా నీళ్లలో నిలబడి ఉన్నాయి. భూకంపానికి కొద్ది వారాల ముందు, అక్కడికి ఎంతో దూరాన మిషిగన్ రాష్ట్రంలో, ఆసేబుల్ అనే నది ఒడ్డున కొందరు గాలగాళ్లు సమావేశమై ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థను స్థాపించారు. నీటిని కాపాడుకుంటే చేపలు తమ సంగతి తామే చూసుకుంటాయన్నది వారి పట్టు.

దానికి రుజువు దొరికింది ఈ మాడిసన్‌లోనే. అప్పట్లో ప్రభుత్వాలు ట్రౌట్ పిల్లలను తొట్లలో పెంచి, పట్టుకోదగ్గంత ఎదిగాక లారీలతో తెచ్చి నదుల్లో పోసేవి. 1960ల చివరి నుంచి డిక్ విన్సెంట్ అనే రాష్ట్ర జీవశాస్త్రవేత్త ఇక్కడ ఏళ్ల తరబడి చేపలను లెక్కపెట్టాడు. ఈ నదిలో పోయడం ఆపేసిన వార్నీ అనే భాగంలో అడవి ట్రౌట్ పెరిగాయి. అంతకుముందు పోయని ఓడెల్ వాగులో పోయడం మొదలుపెడితే అక్కడి అడవి చేపలు తగ్గిపోయాయి. తొట్టిలో పెరిగినవి వచ్చి, నదిలో పుట్టినవాటి చోటును చెదరగొట్టాయన్నమాట. పోసేకొద్దీ పెరగాలి గాని తగ్గడమేమిటని గాలగాళ్లు, దుకాణదారులు మండిపడ్డారు. అయినా 1974లో మోంటానా, అడవి ట్రౌట్ ఉన్న నదులలో చేపలు పోయడం మానేసింది.

ఆ నిర్ణయాన్ని ఈ వేసవిలో తలచుకుంటే దాని బరువు ఎంతో అర్థమవుతుంది. ఈ నదులకు లారీల్లో వచ్చే అరువు చేపలు లేవు. నీరు పాడైతే తెచ్చి పూడ్చడానికి ఏమీ ఉండదు. నాకు మాత్రం, ఆ వెసులుబాటు లేకపోవడమే ఇక్కడి వాళ్లను నదిని పట్టించుకునేలా చేసిందనిపించింది.

ఉదయం ఏడు గంటలకు నీరు 13.5 డిగ్రీలు. అన్నయ్య నడుముల్లోతు ప్రవాహంలో నిలబడి, వెంట్రుకలు, ఈకలు కట్టిన చిన్న గాలాన్ని దారం బరువుతోనే విసిరి, కాడిస్ ఈగ వాలినంత తేలికగా నీటి మీద వాల్చడం నేర్పాడు. గంటన్నర తరువాత నా గాలానికి ఒక రెయిన్‌బో తగిలింది. ఉత్సాహంలో నేను దాన్ని అవసరానికి మించి ఆడించాను, ఒడ్డుకు తెచ్చాక పొడి చేతులతో పట్టుకుని పైకెత్తి ఫోటో కోసం నిలబడ్డాను. నీళ్లలో వదలగానే అది పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట పైకి తేలింది. అన్నయ్య ఒక్క మాట అనకుండా చేతులు తడుపుకుని, తోక మొదలు దగ్గర పట్టుకుని, తలను ప్రవాహానికి ఎదురుగా నిలిపాడు. మొప్పలు మెల్లగా ఆడడం మొదలై, రెండు మూడు నిమిషాలకు చేప తోక విదిలించి వెళ్లిపోయింది. "13 డిగ్రీలు కాబట్టి బతికింది. నిన్నటి నీళ్లలో అయితే పోయేది" అని మాత్రం అన్నాడు. ఆ ఫోటోను ఆ రాత్రే చెరిపేశాను.

మధ్యాహ్నం హెబ్గెన్ ఆనకట్ట వరకు వెళ్లాము. 2021 నవంబరు 30న ఇక్కడి తూములో ఒక భాగం విరిగిపోయి దిగువకు నీరు ఒక్కసారిగా తగ్గిపోయింది. శరదృతువులో గుడ్లు పెట్టే బ్రౌన్ ట్రౌట్ల గులకరాళ్ల గూళ్లు గాలికి బయటపడ్డాయి, పక్క పాయల్లో చేపలు చిక్కుకుపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బకెట్లతో వచ్చి చేపలను ఏరి పెద్ద ప్రవాహంలోకి చేరవేశారు. ఎండలతో సంబంధం లేని ప్రమాదమే గాని, ఈ నది మనుగడ ఎన్ని ఇనుప ముక్కల మీద ఆధారపడి ఉందో చెప్పడానికి అది చాలు.

మూడవ రోజు: ట్విన్ బ్రిడ్జెస్

ప్రయాణమే ఎక్కువ, నదుల దగ్గర గడిపింది తక్కువ. ట్విన్ బ్రిడ్జెస్ పరిసరాల్లో బీవర్‌హెడ్, రూబీ, బిగ్ హోల్ నదులు కలిసి జెఫర్‌సన్‌గా మారతాయి. మూడు నదుల్లోనూ 2023 నాటికి కొన్ని చోట్ల బ్రౌన్ ట్రౌట్ లెక్కలు ఎన్నడూ లేనంత కిందికి పడిపోయాయి. ఊళ్లో గాలాల దుకాణంలో దీని మీద మూడు రకాల వాదనలు విన్నాను: రోగమని ఒకరు, నీళ్లు చాలకనని ఒకరు, గాలగాళ్లే ఎక్కువైపోయారని మరొకరు. నా ఉద్దేశంలో ఆ మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచేవే. 2016 ఆగస్టులో యెల్లోస్టోన్ నదిలో వేలాది వైట్‌ఫిష్‌లు చచ్చి తేలాయి, 183 మైళ్ల నదిని పూర్తిగా మూసివేయాల్సి వచ్చింది. చంపింది కిడ్నీలకు పట్టే ఒక పరాన్నజీవి. అయితే నీరు తగ్గి వేడెక్కిన వేసవిలోనే దాని ప్రతాపం అంతగా చెల్లింది.

సాయంత్రం జెఫర్‌సన్ నీరు 24 డిగ్రీలు. గట్టు మీద కూర్చుని కొంగలను చూశాము.

నాలుగవ రోజు: బిగ్ హోల్ ఎగువ, విజ్డమ్

ఈ యాత్రలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే, అదీ ఒక పశువుల రైతు దగ్గర. విజ్డమ్ అనే చిన్న ఊరు ఆరు వేల అడుగుల ఎత్తున, చుట్టూ కొండల నడుమ వెడల్పాటి గడ్డి లోయలో ఉంది. ఎక్కడ చూసినా గడ్డి వాములు, వాటిని పేర్చడానికి ఈ లోయలోనే పుట్టిన ఏటవాలు చెక్కల యంత్రాలు. ఈ గడ్డికంతటికీ నీరు బిగ్ హోల్ నుంచే వస్తుంది. అమెరికాలో అలాస్కాను పక్కన పెడితే, నదిలో పుట్టి నదిలోనే బతికే స్థానిక ఆర్కిటిక్ గ్రేలింగ్ ప్రధానంగా మిగిలింది ఈ బిగ్ హోల్‌లోనే. ట్రౌట్‌కు దాయాది అనదగ్గ చేప అది. వీపు మీది రెక్క తెరచాపలా విచ్చుకుని, ఎండలో ఊదా, నీలం మచ్చలతో మెరుస్తుంది. మిషిగన్‌లో ఒక ఊరికి గ్రేలింగ్ అని పేరైతే మిగిలింది గాని, అక్కడి నదుల్లో ఆ చేప 1930లలోనే అంతరించింది.

ఇక్కడి నీటి చట్టం సూటిగా ఉంటుంది: ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. పంతొమ్మిదో శతాబ్దంలో కాలువ తవ్వుకున్న కుటుంబానికి నది అడుగంటినా తన వాటా తీసుకునే హక్కు ఉంటుంది. ఆ వరుసలో చేప పేరు చాలాకాలం ఎక్కడా లేదు. నీటి హక్కును కౌలుకు తీసుకుని ఆ నీటిని నదిలోనే వదిలేసే వీలు రాష్ట్ర చట్టం 1989లో గాని కల్పించలేదు. కరువు ఏళ్లలో విజ్డమ్ దగ్గర నది గులకరాళ్ల మధ్య సన్నటి తీగగా మారిపోయేది.

గ్రేలింగ్‌ను ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటిస్తే తమ కాలువలకు తాళం పడుతుందని రైతుల భయం. ప్రకటించకపోతే చేప పోతుందని పర్యావరణవాదుల భయం. 2006లో కేంద్ర వన్యప్రాణి శాఖ, రాష్ట్రం, భూస్వాములు కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. నది కనీస స్థాయికి తగ్గినప్పుడు రైతులు స్వచ్ఛందంగా కాలువ తూములు దించాలి, గట్ల వెంట కంచె వేసి పశువులను ఆపాలి, కాలువ అడ్డుకట్టల దగ్గర చేపలు ఎక్కడానికి మెట్లు కట్టాలి. బదులుగా, రేపు ఆ జాతిని జాబితాలో చేర్చినా వారి మీద అదనపు భారం పడదు. జాబితాలో చేర్చనక్కరలేదని 2020లో వచ్చిన నిర్ణయాన్ని 2024లో కోర్టు కొట్టివేసింది గనుక ఆ తగవు మళ్లీ మొదటికి వచ్చింది.

ఆ రైతు మమ్మల్ని తన తూము దగ్గరికి తీసుకువెళ్లాడు. అంకెల బల్ల చూపించి, నదిలో ఎన్ని క్యూసెక్కులు మిగిలితే తాను ఎంత దించాలో చెప్పాడు. ఆనకట్టల వార్తల్లో మనం లక్షల్లో చదివే క్యూసెక్కులను ఇక్కడ పదుల్లో లెక్కపెట్టుకుంటున్నారు. నేను ఒక అమాయకపు ప్రశ్న వేశాను: పొలమంతా నీళ్లు పారించే బదులు తుంపర గొట్టాలు పెడితే నీరు మిగలదా? ఆయన నవ్వి బూటుతో నేలను నొక్కాడు, అంచుల నుంచి నీరు ఊరింది. జూన్‌లో పారించిన నీటిలో కొంత భూమిలోకి ఇంకి, నెమ్మదిగా నడిచి, ఆగస్టులో చల్లటి ఊటగా నదిలోకి తిరిగి వస్తుంది. తుంపర గొట్టాలు పెడితే కాలువకు తీసే నీరు తగ్గుతుంది నిజమే గాని, ఆలస్యంగా వచ్చే ఆ ఊట కూడా తగ్గుతుంది. కాబట్టి ఏ పొలానికి ఏది మేలో అక్కడి నేలను బట్టి తేల్చుకోవాలే గాని, ఒక్క సూత్రం అన్నిచోట్లా చెల్లదు. పుస్తకాల్లో చదువుకుని వచ్చిన నాకు ఆ తడి నేల ఒక చెంపదెబ్బే.

నది పక్క వాగుల్లో కొన్నిచోట్ల కర్రలు పాతి, విల్లో చెట్ల కొమ్మలు అల్లి, నీటి ఒడ్డున బతికే బీవర్ అనే జంతువులు కట్టే అడ్డుకట్టలను అనుకరించారు. నీరు ఆగి, పక్కకు పాకి, నేలలో ఇంకుతుంది. కొండ మీద మంచు ముందుగానే కరిగిపోతున్న ఏళ్లలో ఈ నేలే రెండో మంచుగా పనిచేయాలని వారి ఆలోచన. ఒకప్పుడు బొచ్చు కోసం బీవర్లను తుడిచిపెట్టిన చోట, నేడు మనుషులు వాటి పని నేర్చుకుంటున్నారు. కంచె వేసిన గట్టున విల్లోలు మనిషి ఎత్తు పెరిగి ఉన్నాయి, పశువులు తిరిగే అవతలి గట్టు బోడిగా ఉంది. నీడలో 17, ఎండలో 18.5 డిగ్రీలు. అంత దగ్గర నీళ్లలో ఆ తేడా నిలకడైనది కాకపోవచ్చునని అన్నయ్య అనుమానం. నేను మాత్రం రాసుకున్నాను.

నల్ల కళ్లద్దాలతో చాలాసేపు వంతెన మీద నుంచి చూస్తే, మడుగు చివర ఒక గ్రేలింగ్ పైకి లేచి ఈగను అందుకుని దిగింది. గాలం వేయవచ్చు, పట్టినా వదిలేయాల్సిందే. అన్నయ్య కర్ర తీయలేదు, నేను అడగలేదు.

ఐదవ రోజు: మిల్‌టౌన్

బ్యూట్ మీదుగా క్లార్క్ ఫోర్క్ నది వెంట పడమటికి సాగాము. బ్యూట్ రాగి గనుల, అనకొండ అనే పట్టణంలోని రాగి కొలిమిల వ్యర్థాలు 1908 వరదలో కొట్టుకువచ్చి, అదే ఏడాది బ్లాక్‌ఫుట్ నది వచ్చి కలిసే చోట పూర్తయిన మిల్‌టౌన్ ఆనకట్ట వెనక మేట వేశాయి. 1981లో ఆ ఊరి బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. చేపలకు ఆ ఆనకట్ట శతాబ్దం పాటు గోడ. కింద నుంచి వచ్చిన బుల్ ట్రౌట్లు తాము పుట్టిన చల్లటి వాగులకు ఎక్కలేక గోడకు తల కొట్టుకునేవి. 2008 మార్చి 28న ఆనకట్టను తెంచారు. విషపు మేటను ఇరవై లక్షల ఘనపు గజాలకు పైగా రైళ్లలో తరలించారు.

ఇప్పుడు గుట్ట మీద నుంచి చూస్తే కింద రెండు నదులు ఏ అడ్డూ లేకుండా కలుస్తున్నాయి. చల్లటి నీరు ఎక్కడో కొండల్లో ఉంటే చాలదు, అక్కడికి చేరే దారి ఉండాలి. వేడెక్కిన నదిలోని చేప చేయగలిగింది ఒక్కటే, పైకి ఈదడం.

ఆరవ రోజు: బ్లాక్‌ఫుట్, ఉత్తరపు పాయ

బ్లాక్‌ఫుట్ లోయలో రైతులు, ప్రభుత్వ శాఖలు, గాలగాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడానికి 1993లో బ్లాక్‌ఫుట్ ఛాలెంజ్ అనే సంఘం ఏర్పడింది. పెద్ద నదికి చేయగలిగింది తక్కువని తేల్చుకుని, ఇక్కడి వాళ్లు దానిలో కలిసే వాగుల మీద దృష్టి పెట్టారు. సాగు కాలువల మూతుల దగ్గర చేపపిల్లలు పొలాల్లోకి కొట్టుకుపోకుండా జల్లెడలు పెట్టారు, తిన్నగా తవ్వేసిన వాగులకు మళ్లీ వంపులు తెచ్చారు.

కారణం బుల్ ట్రౌట్. కొలంబియా నదీ పరీవాహకంలో దాన్ని 1998లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. రెయిన్‌బో సర్దుకుపోయే వేడిలో కూడా ఇది నిలవలేదు. 15 డిగ్రీలు దాటే నీటిలో అరుదుగా కనిపిస్తుంది, గుడ్లు పెట్టడానికి అంతకంటే చాలా చల్లటి ఊటలు కావాలి. నీరు వేడెక్కేకొద్దీ బయటినుంచి వచ్చిన బ్రౌన్, రెయిన్‌బోలు పైకి జరుగుతాయి, రెయిన్‌బోలు కట్‌త్రోట్ అనే స్థానిక ట్రౌట్‌తో కలిసి సంకర సంతానాన్ని కంటాయి, బుల్ ట్రౌట్‌కు పైన కొండ తప్ప చోటు మిగలదు. రాకీ పర్వతాల నదుల ఉష్ణోగ్రతలన్నిటినీ ఒకచోట చేర్చి, రాబోయే దశాబ్దాల్లో కూడా చల్లగా నిలిచే వాగులు ఏవో అటవీ శాఖ పరిశోధకులు పటాలు గీశారు. ఎక్కడ పాటుపడితే ఫలం నిలుస్తుందో ఆ పటం చెబుతుంది. అది చూస్తే కొన్ని వాగులను వదులుకోక తప్పదన్న మాట కూడా అందులోనే రాసి ఉన్నట్టు అనిపించింది నాకు.

ఒంటిగంట దాటాక ఉత్తరపు పాయ పెద్ద నదిలో కలిసే చోటికి నడిచాము. పెద్ద నది మధ్యలో నీరు 19.5 డిగ్రీలు. పాయ వైపు నాలుగు అడుగులు వేసేసరికి నా పిక్కలు జివ్వుమన్నాయి. 13.5. రెండు నీళ్లు వెంటనే కలిసిపోవు, రంగులో కూడా సన్నటి గీత కనిపిస్తుంది. ఆ గీతకు ఇవతల, చల్లటి నాలుకలో, చేపలు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉన్నాయి. కట్‌త్రోట్లు, వైట్‌ఫిష్‌లు, వాటి వెనక లోతులో మోచేతి నుంచి వేలి కొస దాకా పొడవున్న ఒక నీడ. రెక్కల అంచున తెల్లటి గీత చూసి అన్నయ్య నా భుజం తట్టాడు. మోంటానాలో చాలా నీళ్లలో బుల్ ట్రౌట్ కోసం గాలం వేయడమే నిషేధం. పొరపాటున తగిలితే గుర్తుపట్టడానికి పిల్లలకు కూడా ఒక గుర్తు నేర్పుతారు: వీపు రెక్క మీద నల్ల మచ్చలు లేకపోతే వెంటనే వదిలేయాలి.

ఇక్కడ గాలం వేస్తే గురి తప్పదు, ఆశ్రయం కోసం వచ్చినవి కదలవు గనుక. మా వెనకే వచ్చిన ఒక కుర్రవాడు కర్ర విప్పుతూ ఆగి, మా కర్రలు సంచుల్లోనే ఉండడం చూసి, ఏమైందని అడిగాడు. అన్నయ్య మాట్లాడకుండా థర్మామీటరు అతని చేతికిచ్చాడు. కుర్రవాడు ముందు పెద్ద నదిలో ముంచి చూశాడు, తరువాత పాయలో ముంచి చూశాడు, ఇంకోసారి పెద్ద నదిలో ముంచాడు. ఆ తరువాత మా పక్కనే రాయి మీద కూర్చున్నాడు. రెండు గంటలు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉంది.